అట్టారి ద్వారము – మన గెట్టు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ ఉత్సవ సందర్భమున నన్ను కూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు కోరిరి. విషయము మీరే యెన్నుకొనుడనిరి. పహాణీ చదువుమన్నచో తడుముకొనక చదువుదును గాని, ఉపన్యాసము నాకు క్రొత్త. నేను కళాశాల మెట్లెక్కినవాడను కాను. పగలు ఊరి లెక్కలు వ్రాయుచు, రాత్రులు ఈ గ్రంథాలయపు బీరువాలోని భారతమును నిఘంటువు ప్రక్కన బెట్టుకొని కూడబలుకుకొన్నవాడను. పండితులున్న సభలో సాహిత్యమును గూర్చి పలుకుట సాహసమగును. కావున కన్నులార చూచి వచ్చిన యొక సంగతిని విన్నవించెదను. దాని వెంట మన ఊరి సంగతి, నా యింటి సంగతి కూడ వచ్చును. మన్నింపుడు.

2024 డిసెంబరు మాసమున మన ప్రాంతమునుండి పదునెనిమిది మందిమి ఉత్తరదేశ యాత్రకు బయలుదేరితిమి. గద్వాలవారు కొందరు, వనపర్తివారు కొందరు, నాగర్‌కర్నూలు వైపువారు ఇద్దరు. నాందేడులో గురుద్వారము దర్శించి, అచ్చటినుండి సచ్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్‌లో అమృతసరము చేరితిమి. సిక్కుల పదవ గురువు గోవిందసింగు 1708లో దేహము చాలించిన ఆ నాందేడు ఒకప్పుడు మన హైదరాబాదు సంస్థానములోని ఊరే. స్వర్ణమందిరమున లంగరు పంక్తిలో కూర్చుండి రొట్టె తింటిమి. 1919 ఏప్రిల్ 13న నెత్తురు పారిన జలియన్‌వాలా బాగులో గోడలమీది గుండ్ల గుర్తులు చూచితిమి. మరునాటి మధ్యాహ్నము అట్టారికి పోయితిమి.

అట్టారి మన దేశపు కడపటి గ్రామము. దాని కెదురుగా పాకిస్తాను వైపున ఉన్నది వాఘా. అమృతసరమునకు సుమారు 30 కిలోమీటర్లు, లాహోరునకు సుమారు 24 కిలోమీటర్లు. కలకత్తానుండి పెషావరువరకు సాగిన ప్రాచీన రాజమార్గము ఈ రెండూళ్ళ నడుమ ఒక యినుప ద్వారముచేత ఖండింపబడియున్నది. ప్రతిదినము సూర్యాస్తమయమునకు ముందు ఇరు దేశముల పతాకములను దించు ఉత్సవము ఇచ్చట జరుగును. 1959 నుండి జరుగుచున్నది. మన వైపున సరిహద్దు భద్రతా దళము, వారి వైపున పాకిస్తాన్ రేంజర్లు దీనిని నిర్వహింతురు. ప్రవేశమునకు రుసుము లేదు. సంచులు మాత్రము లోనికి రానీయరు. మా బృందములోని పెద్దమ్మ యొకతె సద్దిమూట విడువనని మొరాయించగా, కావలి జవాను చిరునవ్వుతో, “మాతాజీ, మీ రొట్టెలకు నేను కావలి కాయుదు”నని హిందీలో చెప్పి ఒప్పించెను.

మెట్లు మెట్లుగా కట్టిన గొప్ప మండపము. వేలకొలది జనము. ఉత్సవమునకు ముందు పాటలు మ్రోగుచుండ స్త్రీలను పిలిచి చేతికి త్రివర్ణ పతాకము నిచ్చి ద్వారమువరకు పరుగెత్తుమనిరి. తరువాత వారందరు నడిరోడ్డుమీద ఆడిరి. సద్దిమూటకై పోరాడిన మా పెద్దమ్మ కూడ ఆడెను. ఒక జవాను క్రీడాకారుని దుస్తులలో నిలిచి చేతులు విసరి మా చేత జయజయ ధ్వానములు చేయించెను. ఆవలి వైపునను అట్టి మండపమే, అట్టి కేకలే. మాది కొంచెము తగ్గినచో వారిది పెరుగును. అంతట మేము రెచ్చిపోవుదుము. నేనును అరచితిని. ఏబది దాటిన మనిషిని, సభలో గట్టిగా దగ్గుటకు కూడ సంకోచించువాడను, గొంతు బొంగురుపోవునంతగా అరచితిని. దాచనేల? సంతోషముగా కూడ ఉండెను.

పిదప ఇరు వైపుల మైకులముందు ఒక్కొక్కరు నిలిచి ఊపిరి బిగబట్టి దీర్ఘముగా ఒక కేక పెట్టిరి. ఎవరి ఊపిరి ముందు తెగునో వారు ఓడినట్లు. ఇద్దరు మహిళా జవానులు ముందుగా నడిచిరి. వారి వెనుక ఎర్రని తురాయిల తలపాగాలతో మన జవానులు, ఆవల నల్లని దుస్తులలో ఆరడుగుల రేంజర్లు. వేగముగా నడచి వచ్చి, కాలు తలను తాకునంత ఎత్తి, నేలమీద దబ్బున మోపి, మీసము మెలివేసి, పిడికిలి బిగించి యొకరినొకరు చూచుకొనిరి. మీలో చాలమంది మన ఊరి వీథి భాగవతములు ఎరిగినవారే. భీముడు, దుర్యోధనుడు కిరీటములు ధరించి బల్లలదరునట్లు గంతులు వేయుట చూచినవారే. నాకు అదే తలపునకు వచ్చెను. అయితే మన భీమ దుర్యోధనులు తెల్లవారినంతనే ఒకే బండిమీద కూర్చుండి చాయ త్రాగుచు పొరుగూరికి పోవుదురు. ఇచ్చటి వేషధారుల సంగతి వేరు. రాత్రి అయినంతనే మంచులో తుపాకి పట్టి నిజముగా కావలి కాయవలసినవారు వీరు. కనుక ఆ గంతును చూచి నవ్వువారు, ఆ చలిని కూడ తలచుకొనవలెను.

ఇక ముఖ్యమైన ఘట్టము. ద్వారములు ధడాలున తెరచిరి. ఇరు వైపులనుండి ఒక్కొక్క జవాను ముందుకు వచ్చి కరచాలనము చేసిరి. కన్ను మూసి తెరచునంతలో అయిపోయినది. పిదప బాకా మ్రోగుచుండ జెండాలు దించుట ఆరంభించిరి. అంతవరకు గావుకేకలు పెట్టిన మండపము ఒక్కసారి నిశ్శబ్దమాయెను. రెండు జెండాల త్రాళ్ళును ఏటవాలుగా సాగి యొకదాని నొకటి దాటునట్లు అమర్పబడినవి. ఒక జెండా రెండవదానికంటె ఒక జానెడు ముందు దిగరాదు, ఒక జానెడు వెనుకబడరాదు. త్రాడు పట్టినవాని చూపు తన జెండామీద ఎంత ఉన్నదో, ఎదుటివాని జెండామీదను అంతే ఉన్నది. నడుమ ఒక్క క్షణము రెండును ఒకే యెత్తున గుణకారపు గుర్తువలె కలిసి, విడిపోయి, క్రిందికి వచ్చెను. వానిని మడచి తీసికొనిరి. మరల కరచాలనము. ద్వారములు మూసికొనెను. జనము ఫొటోలకు ఎగబడిరి.

ఆ నిశ్శబ్దములో ఆవలి మండపమున నాకు ఒక ముసలివాడు కనబడెను. భుజమున మనుమడు. ఆ బాలుడు మావైపు చేయి ఊపుచుండెను. శత్రువులెవరో, మిత్రులెవరో వానికి ఇంకను ఎవరును నేర్పలేదు కాబోలు. నా చేయి తనంత తానే లేచినది. ప్రక్కవాడు చూచెనేమోయని దించుకొంటిని. యాత్ర యంతటిలో నాకు సిగ్గనిపించిన క్షణము అదియొక్కటే. చేయి ఎత్తినందులకు కాదు, దించినందులకు.

లెక్కలు వ్రాయువాని బుద్ధి హద్దు రాళ్ళమీదికే పోవును. ఈ హద్దును వేసినవారెవరు? సిరిల్ రాడ్‌క్లిఫ్ అను ఆంగ్ల న్యాయవాది. అంతకుముందు ఆయన మన దేశమునకు వచ్చి ఎరుగడు. 1947 జులై 8న వచ్చెను. ఐదు వారముల గడువులో పంజాబును, బెంగాలును పటముమీద చీల్చెను. స్వాతంత్ర్యము వచ్చిన రెండు దినములకు, ఆగస్టు 17న ఆ గీత ప్రకటితమైనది. మన తాలూకాలో ఇద్దరు దాయాదుల నడుమ గెట్టు తగవు వచ్చినచో టీపన్ తీయవలెను, ఇరువురికి నోటీసులు ఈయవలెను, చుట్టుప్రక్కల రైతులను సాక్ష్యమునకు పిలువవలెను. అయినను మూడేండ్లకు తెమలదు. అచ్చట కోటి మందికి పైగా ఇల్లు వాకిలి విడిచిపోవుటకు కారణమైన గెట్టు ఐదు వారములలో తెమలినది! సాదత్ హసన్ మంటో అను ఉర్దూ కథకుడు ‘టోబా టేక్ సింగ్’ అను కథ వ్రాసెను, 1955లో వెలువడినది. ఇరుదేశముల పిచ్చాసుపత్రుల రోగులను వాఘావద్ద మార్చుకొనుట అందలి వృత్తాంతము. వారిలో ఒకడు తన ఊరు ఏ దేశములో ఉన్నదో తేల్చుకొనలేక, ఏ దేశమునకు చెందని నడిమి నేలమీద కూలిపోవును. ఆ కథ తెలిసిన తరువాత ఆ ద్వారమును చూచినచో పాదములు కొంచెము బరువెక్కును.

హద్దు అనునది మనకు మాత్రము క్రొత్తదా? మనది నడిగడ్డ. కృష్ణా తుంగభద్రల నడుమ ఇరుక్కొన్న నేల. ఈ అంతర్వేదికై విజయనగరమువారు, బహమనీలు తరతరములు పోరాడిరి. 1520లో కృష్ణదేవరాయలు రాయచూరువద్ద ఇస్మాయిల్ ఆదిల్‌షాను ఓడించెను. అంత వెనుకకు పోనేల? 1948 వరకు తుంగభద్ర ఈవలి యొడ్డు నిజాముది, ఆవలి యొడ్డు కర్నూలు మద్రాసు రాజధానిలోనిది. మా నాయన చిన్నతనమున అలంపురము వద్ద పుట్టిలో నది దాటి కర్నూలు పోయి, గుడ్డలు కొని తెచ్చునప్పుడు కరోడ్‌గిరి నాకావద్ద మూట విప్పి చూపవలసి యుండెడిదట. ఈవల హాలీ సిక్కా, ఆవల కల్దారు. ఏడు హాలీ రూపాయలిచ్చిన ఆరు కల్దారు రూపాయలు వచ్చెడివి. “నదికి ఈ సంగతి తెల్వదు బిడ్డా, నీళ్ళు రెండొడ్లను ఒక్క తీరుగనే తడుపుతయి” అని మా నాయన చెప్పెడివాడు. 1948 సెప్టెంబరులో నిజాము పాలన ముగిసినది, 1956 నవంబరులో ఆ హద్దు మాసినది. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్ర మేర్పడగా ఆ నదియే మరల రాష్ట్రముల నడుమ హద్దైనది. ఇది అన్యదేశపు హద్దు కాదు, కోరి తెచ్చుకొన్నది, నేనును కోరినవాడనే. అయినను 2021 మే మాసమున కరోనా ముమ్మరించిన వేళ పుల్లూరువద్ద రోగుల వాహనములను ఆపినప్పుడు, హద్దు ఎంత సన్ననిదైనను ఊపిరి అందనివానికి అది గోడయే యని మనకు తెలిసినది. అంతకు ఆరు నెలల ముందు, 2020 నవంబరులో వచ్చిన పుష్కరములు ఆ నదికి రెండొడ్లను ఒకే ముహూర్తమున వచ్చినవి.

హద్దు వలదని నేను చెప్పుటలేదు. హద్దు లేనిచో నా వృత్తియే లేదు. హద్దు చెడిన చేనిలో పంట ఉండదు, పగ పండును. నేను చెప్పునది హద్దుకు ఇరువైపులవారు హద్దును ఎట్లు పాటింపవలెనన్న మాట. మహాభారతమున సూదిమొన మోపినంత నేలయైన ఈయనన్న దుర్యోధనుని మాట మనకందరకు తెలియును. భీష్మపర్వారంభమున ఉన్న మరియొక సంగతిని మనము అంతగా తలపము. శంఖములు పూరింపకముందు కౌరవ పాండవులు కొన్ని నియమములు చేసికొనిరి. సమానుడు సమానునితోనే పోరవలెను. ఆయుధము విడిచినవానిని కొట్టరాదు. నాటి పోరు నిలిచిన తరువాత మునుపటివలె స్నేహముగానే మెలగవలెను. ఆ నియమములు తుదివరకు నిలువలేదు. నిలువకపోవుటయే కురుక్షేత్రపు ఘోరము. అట్టారిలో నేను చూచినది ఆ నియమములలో మిగిలిన యొక ముక్క. పగ ఉన్నది, తుపాకి ఉన్నది. అయినను దినమున కొక్కసారి ఇద్దరు త్రాళ్ళు పట్టి, ఒకరి వేగమునకు ఒకరు సరిపెట్టుకొని, జెండాలను సమానముగా దించవలెను. ఎదుటివాడు సహకరింపనిచో నా జెండా గౌరవముగా దిగదు. ఈ సంగతిని ఆ గంతులు మరుగుపరచును గాని చెరుపలేవు.

అది సురక్షితమైన చోటని కూడ అనరాదు. 2014 నవంబరు 2న వాఘా వైపున ఉత్సవము చూచి మరలుచున్న జనముపై ఆత్మాహుతి దాడి జరిగి, సుమారు 60 మంది చనిపోయిరి. పెండ్లికి పోయినట్లు పిల్లలతో పోయినవారు.

నేను చూచి వచ్చిన నాలుగు నెలలకు, 2025 ఏప్రిల్ 22న పహల్గాములో యాత్రికులను కాల్చి చంపిరి. మనవలె కుటుంబములతో కొండలు చూడబోయిన వారు. అట్టారిలో రాకపోకలు నిలిపిరి. పతాకోత్సవమున ద్వారములు తెరచుట మానిరి, కరచాలనము మానిరి. మే మాసమున కొన్ని దినములు ప్రేక్షకులను రానీయక, ఆ నెలలోనే మరల అనుమతించిరి గాని ద్వారములు మూసియే ఉంచిరి. చనిపోయినవారి యింటివారి దుఃఖము తలచిన, అట్లు చేయుట తప్పని అనలేము. అయినను మూసిన ద్వారమున కిరువైపుల ఒకే వేళకు జెండా దిగుట మాత్రము ఆగలేదు.

ఈ వార్త నేను చదివినది ఈ గ్రంథాలయములోనే. ఇచ్చట నా యింటి సంగతి చెప్పవలసి వచ్చినది. నాకును నా తమ్మునికిని ఎనిమిదేండ్లు మాటలు లేవు. ఊరందరకు తెలిసిన సంగతియే, తెలియనట్లు మన్నించినారు. మా నాయన పోయిన తరువాత చేను పంచుకొన్నప్పుడు నడిమి గెట్టువద్ద మూడు గుంటల తగవు వచ్చినది. గుంట అనగా 121 చదరపు గజములు. మూడు గుంటలు 363. అంతే. ఊరందరి హద్దులు చూచువాడను కనుక నా మాటయే ప్రమాణమని నేను పట్టుపట్టితిని. వేపచెట్టే హద్దని నాయన చెప్పెనని నా వాదము. టీపన్ తీసి కొలువుమని తమ్ముడు అడిగెను. కొలుచువాడను నేనే యుండగా మరల కొలత ఏమని కసరితిని. నాటినుండి మాటలు లేవు.

కాని ఇద్దరమును ఈ గ్రంథాలయ చందాదారులము. సాయంకాలము ఇద్దరమును వచ్చెదము. ఆ బల్లకు ఆ కొనను అతడు, ఈ కొనను నేను. వార్తాపత్రిక ఒక్కటే. అతడు చదివిన పుట గ్రంథపాలకుడు తెచ్చి నాకిచ్చును. నేను చదివినది అతనికి చేర్చును. ఎనిమిదేండ్లలో ఒక్క పుట అయిన చినుగలేదు, ఒక్కనాడైన వాటా తప్పలేదు. మా అట్టారి అదియే యని నాకు అప్పుడు తోచలేదు. మే మాసమున ఒక సాయంకాలము గ్రంథపాలకుడు లోపలి బీరువా సర్దుచుండగా, తమ్ముడు తానే లేచి వచ్చి పుటను నా ముందు పరచెను. అట్టారి వార్తమీద వ్రేలు ఒక్క క్షణము నిలిపెను. నేను అచ్చటికి పోయి వచ్చితినని అతనికి ఎవరో చెప్పియుందురు. ఏమియు పలుకక వెళ్ళిపోయెను.

ఆ రాత్రి నాకు నిద్ర రాలేదు. తెల్లవారి పెట్టెలోని టీపన్ నకలు తీసికొని చేనికి పోయితిని. అతడు అచ్చటనే యుండెను. కాగితము చూపితిని. “అన్నా, గొలుసు ఆ కొస నువ్వు పట్టు” అనెను. ఎనిమిదేండ్లకు మొదటి మాట అదియే. ఇద్దరము పట్టి రెండుమారులు కొలిచితిమి. మూడు గుంటలలో రెండు అతనివి, ఒకటి నాది. వేపచెట్టు హద్దు కానే కాదు. నీడకై నాయన లోపలికి జరిపి నాటినది. తప్పు నాది. ఊరందరి గెట్లు సరిచూచినవాడను, నా గెట్టును కొలిచి చూచుటకు భయపడితిని. ఈ మాట నలుగురిలో చెప్పవలెననియే ఈ ప్రసంగమునకు ఒప్పుకొంటిని. నా తమ్ముడు ఈ సభలోనే యున్నాడు, ఎప్పటివలె ఆ కొననే.

మునుపటివలె అంతయు అయిపోయినదని చెప్పను. ఎనిమిదేండ్ల నడుమ అతని కూతురి పెండ్లి జరిగినది, నేను పోలేదు. నా భార్య జబ్బుపడినది, అతడు రాలేదు. గెట్టు కొలిచినంతనే అవి తిరిగి రావు. రాయి మాత్రము ఇద్దరము కలిసి పాతితిమి. ఈ యేడు గెట్టుమీద కందులు చల్లితిమి. ఏ వైపున రాలినవి ఆ వైపువారివని ఒప్పందము.

పాతికేండ్లుగా ఈ గ్రంథాలయము మన ఊరికి చేసిన మేలు ఎంతయని కార్యదర్శిగారు అంకెలతో చెప్పినారు. అంకెల కందని యొక మేలును నేను చేర్చుచున్నాను. మాటలు లేనివారును ఒకే బల్లకడ కూర్చుండగలిగిన చోటు ఊరిలో ఇది. గుడికి మ్రొక్కు ఉన్నవాడు పోవును, అంగడికి పైసలున్నవాడు పోవును. ఇచ్చటికి అందరును రావచ్చును; ఒకరు విడిచిన పుటను మరియొకరు తీసికొనవలసినదే. కనుక యువకులకు నా మనవి యొక్కటే. ఈ తలుపులు తెరచి ఉంచుడు. చందా చెల్లింపుడు. పత్రిక మానకుడు. ఊరిలో ఎవరెవరికి మాటలు లేవో నాకు తెలియును, పేర్లు చెప్పను. వారు ఇచ్చటికి వచ్చుట మానకుండ చూడుడు.